బీచ్ రోడ్డెక్కిన పద్దెనిమిదేళ్లు

ఇంటర్ అయిపోయింది. కాలేజీ ఇంకా మొదలవలేదు. ఆ మధ్యలో దొరికే నాలుగు రోజుల్లో స్నేహితులంతా కలిసి సముద్రం వెంట ఒక ప్రయాణం. ఆర్కే బీచ్ నుంచి బారువ దాకా ఉత్తరాంధ్ర తీరం అందుకు తగిన దారి. ఈ వేసవికి బయల్దేరే పిల్లల కోసం, వాళ్లను పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న పెద్దల కోసం ఈ కథనం.

మే నెల సగం దాటాక విశాఖపట్నం స్టేషన్లో పొద్దున్నే దిగే జనంలో ఒక రకం గుంపును ఇట్టే పోల్చుకోవచ్చు. అయిదారుగురు ఉంటారు. భుజాన వేలాడేవి కాలేజీ బ్యాగులే, పుస్తకాల బదులు తువ్వాళ్లు, పవర్‌బ్యాంకులు నిండి ఉంటాయి. ఎవరి అమ్మ కట్టిచ్చిన పులిహోర ఎవరి సంచిలో ఉందో అందరికీ తెలుసు. ఒకడు ఫోన్లో ‘దిగిపోయామమ్మా’ అని చెబుతుంటే, పక్కవాడు ‘ఒరేయ్, రారా, బస్సెళ్లిపోద్ది’ అని చొక్కా పట్టుకు లాగుతుంటాడు. రెండేళ్ల ఇంటర్ చదువు, దాని వెనకాలే వరసగా వచ్చిన ఎంట్రన్సులు ముగిశాక, పెద్దవాళ్లెవరూ తోడు లేకుండా చేసే మొదటి ప్రయాణమిది.

ఈ ప్రయాణం పిల్లలకు దక్కాలి. రెండేళ్లపాటు స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు, ర్యాంకుల పట్టికల మధ్య గడిపిన పిల్లలు తమ డబ్బు లెక్క తామే చూసుకుంటూ, దారి తామే అడుగుతూ, ఒకరి బాధ్యత ఒకరు తీసుకుంటూ రెండు మూడు రోజులు తిరిగితే, ఏ కోచింగూ నేర్పని సంగతులు తెలుస్తాయి. అయితే సముద్రం గురించీ, రోడ్డు గురించీ తెలియజెప్పాల్సినవి చెప్పకుండా పంపడం మాత్రం తప్పు. ‘వద్దు’ అనేసి ఊరుకోవడం, ‘జాగ్రత్త’ అని ఒక్క ముక్క చెప్పి వదిలేయడం, ఈ రెంటి మధ్య ఇళ్లలో జరగాల్సిన సంభాషణ చాలా ఉంది.

తీరిక దొరికేది ఎప్పుడు?

పరీక్షలైపోతే సెలవులే అనుకుంటారు చూసేవాళ్లు. పిల్లల క్యాలెండర్ వేరేగా ఉంటుంది. ఇంటర్ పరీక్షలు మార్చిలో ముగుస్తాయి. ఏప్రిల్లో జేఈఈ మెయిన్ రెండో విడత. మే మొదట్లో నీట్. ఆ నెలలోనే రెండు రాష్ట్రాల ఈఏపీసెట్‌లు. మెయిన్‌లో గట్టెక్కినవాళ్లకు దాని మీద అడ్వాన్స్‌డ్. ఎంపీసీ వాళ్లు ఖాళీ అయ్యేసరికి బైపీసీ వాళ్లకు కుదరదు, వాళ్లకు కుదిరేసరికి వీళ్లు కౌన్సెలింగ్ హడావుడిలో పడతారు. పదో తరగతి నుంచీ కలిసి తిరిగిన జట్టు మొత్తానికి ఒకేసారి తీరిక దొరికే రోజులు మే చివర, జూన్ మొదట్లో కొన్నే.

తరవాత దారులు విడిపోతాయి. ఒకరికి కాకినాడలో సీటొస్తుంది, ఒకరికి వరంగల్‌లో, ఇంకొకరు చెన్నైకో, బెంగళూరుకో వెళతారు. ఈ సంగతి అందరికీ తెలుసు గనకే ‘గోవా ప్లాన్’ పేరుతో వాట్సాప్ గ్రూపులు పుడతాయి. 2018లో వచ్చిన తరుణ్ భాస్కర్ సినిమా ‘ఈ నగరానికి ఏమైంది’ తరవాత ఆ కోరిక ఇంకా పెరిగింది. కానీ గోవా అంటే హైదరాబాద్ నుంచే ఆరువందల కిలోమీటర్ల పైమాట. ఖర్చెక్కువ, ఇంట్లో అనుమతి కష్టం. మన తీరమేమో ఇంటి పక్కనే ఉంది. పాఠ్యపుస్తకాల్లో 974 కిలోమీటర్లని చదువుకున్న ఆంధ్రప్రదేశ్ తీరాన్ని ఈమధ్య మళ్లీ కొలిస్తే వెయ్యి కిలోమీటర్లు దాటింది. తెలంగాణ పిల్లలకూ ఇది దూరమేం కాదు. సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకల్లా విశాఖలో ఉంటారు.

ఆర్కే బీచ్ నుంచి భీమిలి

విశాఖ నుంచి భీమునిపట్నం వెళ్లే బీచ్ రోడ్డు ముప్ఫై కిలోమీటర్ల లోపే. కుడిచేతి వైపు సముద్రం, ఎడమ చేతి వైపు కొండలు. ఆగకుండా వెళితే గంట ప్రయాణం. ఆగుతూ వెళితే పగలంతా చాలదు.

మొదట ఆగాల్సిన చోటు కురుసుర. ఆర్కే బీచ్ ఇసుక మీద నిలబెట్టిన ఈ జలాంతర్గామి సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పనిచేసింది. 2001లో విరమించాక, 2002లో మ్యూజియంగా మారింది. పొడవు తొంభై మీటర్ల పైనే. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి దారివ్వాల్సిందే. గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారం ఉంటుంది. తల వంచి, కాలెత్తి, ముందు ఒక భుజం దూర్చి దాటాలి. టార్పెడోల పక్కనే నావికులు పడుకునే బెర్తులు కనిపిస్తాయి. హాస్టల్ గది ఇరుగ్గా ఉందని రెండేళ్లు వాపోయినవాళ్లు ఇక్కడ కాసేపు మాట్లాడకుండా నిలబడిపోతారు. సోమవారాలు సెలవు గనక రోజు చూసుకుని వెళ్లాలి.

అక్కణ్నుంచి లాసన్స్ బే, తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం. తెన్నేటి విశ్వనాథం పేరు పెట్టుకున్న ఈ పార్కు దగ్గరే 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరకు ఓడ ఒకటి గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చి రాళ్ల మధ్య చిక్కుకుంది. అంత పెద్ద ఓడనే కదిలించిన సముద్రమని ఆ రాళ్ల మీద ఫొటోలకు నిలబడేవాళ్లు గుర్తుంచుకోవాలి. నాచు పట్టిన రాయి మీద చెప్పులు నిలవవు.

తరవాత రుషికొండ. శుభ్రత, భద్రత, నీటి నాణ్యత చూసి ఇచ్చే ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపును 2020లో దేశంలో తొలిసారి అందుకున్న ఎనిమిది తీరాల్లో ఇదొకటి. తడిసిన బట్టలు మార్చుకునే గదులూ, లైఫ్‌గార్డులూ ఉన్న చోటు గనక, నీళ్లలో దిగాలనుకునే కొత్తవాళ్లు దిగాల్సింది ఇక్కడే.

రుషికొండ దాటాక ఎడమవైపు కొండెక్కితే తొట్లకొండ. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామమిది. 1970ల్లో నౌకాదళం జరిపిన సర్వేలో బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. రాతిని తొలిచి చేసిన నీటి తొట్లు, మహాస్తూపం, భిక్షువులు ఉన్న గదుల పునాదులు వరసగా కనిపిస్తాయి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఈ తీరానికి అంత దూరం నుంచి ఓడ వ్యాపారం సాగిందనడానికి ఆ నాణేలే సాక్ష్యం. సోషల్ పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన సంగతి, కొండ అంచున నిలబడి కింద సముద్రాన్ని చూస్తే ఒంటబడుతుంది.

భీమిలి ఇంకాస్త దూరముందనగా ఎర్రమట్టి దిబ్బలు. ఈ దారిలో అన్నిటికంటే ఎక్కువసేపు ఉండాల్సిన చోటు ఇదే. కడపటి హిమయుగంలో సముద్రం ఇప్పటికంటే చాలా వెనక్కి తగ్గి ఉన్నప్పుడు, బయటపడిన ఇసుకను గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. వేల ఏళ్లలో ఆ రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పొర పట్టి ఎర్రబడింది. వాన నీళ్లు దాన్ని కోసి లోతైన వాగులుగా చీల్చాయి. 1886లోనే భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ వీటి గురించి రాశారు. ఇలాంటివి తమిళనాడు తీరంలోనూ, శ్రీలంకలోనూ తప్ప దక్షిణాసియాలో పెద్దగా లేవు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది.

అంచుల మీద గెంతితే రెండడుగుల మేర ఇసుక జారి పడుతుంది. పడినది మళ్లీ పైకి రాదు. అందుకని వాగు అడుగున నడవాలి, అంచులెక్కకూడదు. గోడకు దగ్గరగా వెళితే పొరలు పొరలుగా ఇసుక రంగు మారడం కనిపిస్తుంది. పైన లేత పసుపు, కిందికి పోయేకొద్దీ ఇటుక రంగు, అడుగున మళ్లీ పసుపు చాయ. మధ్యలో గట్టిపడిన చిన్న గొట్టాల్లాంటివి పొడుచుకుని ఉంటాయి. ఒకప్పుడు అక్కడ మొలిచిన మొక్కల వేళ్ల చుట్టూ ఇసుక బిగుసుకుపోయిన ఆనవాళ్లు అవి. వేలితో తాకి చూసి వదిలేయాలి, విరిచి జేబులో వేసుకోకూడదు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో ఇక్కడ డచ్చివాళ్లు వ్యాపారం చేశారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. బాలచందర్ 1978లో తీసిన ‘మరో చరిత్ర’ చూసిన పాతతరానికి ఈ తీరం తెరమీద పరిచయమే. మే నెలలో వెళ్లేవాళ్లకు ఇక్కడ ఇంకో దృశ్యం దొరుకుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేటను నిలిపేస్తారు. బోట్లన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. వాటి నీడన మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. కాలి బొటనవేలికి వల తగిలించి బిగువుగా పట్టి, నూలు చుట్టిన చిన్న పుల్లను కంతలోంచి దూర్చి, ఒక్క మెలికతో ముడి బిగించి, మళ్లీ దూరుస్తారు. అడిగితే చెబుతారు. ‘మావా, ఈ వల ఏ చేపకి?’ అని పక్కన కూర్చున్న పిల్లలకు అరగంటలో సముద్రం గురించి తెలిసేది చాలా ఉంటుంది.

భీమిలి దాటాక

చాలా జట్లు భీమిలిలో కొబ్బరిబొండాలు తాగి వెనక్కి తిరుగుతాయి. ఇంకో రెండు రోజులు చేతిలో ఉన్నవాళ్లు తగరపువలస దగ్గర చెన్నై–కోల్‌కతా పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి శ్రీకాకుళం వైపు సాగాలి. రాష్ట్రంలో పొడవైన తీరం ఆ జిల్లాదే, 190 కిలోమీటర్లకు పైగా. జనం తక్కువ. దారి పొడుగునా ఈ కాలంలో తాటి ముంజలు దొరుకుతాయి. బొటనవేలు గుచ్చి, నీళ్లు చొక్కా మీద పడకుండా ముంజ తినడం రాని పట్నం పిల్లలకు అదీ ఒక పాఠమే.

శ్రీకాకుళం దాటి కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. కళింగ రాజుల కాలం నుంచి రేవు. నదికి ఎగువన శాలిహుండం కొండ మీద ఇంకో బౌద్ధ క్షేత్రం. తొట్లకొండ చూసి వచ్చినవాళ్లకు నదీ ముఖాలు, రేవులు, ఆరామాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఎందుకున్నాయో ఇక్కడ బోధపడుతుంది. వ్యాపారులు భిక్షువులను పోషించారు, ఆరామాలు వ్యాపారులకు మజిలీలయ్యాయి. దగ్గర్లోనే అరసవల్లి సూర్య దేవాలయం, శ్రీకూర్మంలో విష్ణువు కూర్మావతార ఆలయం.

అక్కణ్నుంచి పలాస మీదుగా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేల. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పుడు నాటిన మొక్కలు ఇప్పుడు మనిషిని మించి ఎదిగాయి. తోటలో పనిచేసుకుంటున్న రైతును పలకరిస్తే ఆ రాత్రి సంగతి చెప్పనివాళ్లుండరు. తరవాత పనసతొనలు చేతిలో పెట్టి పంపుతారు.

ఆఖరి మజిలీ సోంపేట పక్కన బారువ. ఇసుక విశాలం, దుకాణాలు తక్కువ. బ్రిటిష్ కాలంలో ఇక్కడ మునిగిన చిల్కా అనే ఓడ శకలాలు ఇంకా నీటి అడుగునే ఉన్నాయి. అలివి వల లాగే సమయానికి చేరితే అదృష్టం. వల రెండు కొసల తాళ్లూ పట్టుకుని ఊరి జనం రెండు బారులుగా నిలబడి, పాదాలు ఇసుకలో దిగేసి, పదం పాడుతూ వెనక్కి నడుస్తారు. చెయ్యి వేస్తామంటే వద్దనరు. అయిదు నిమిషాలకే అరచేతులు మండుతాయి. తిరుగు ప్రయాణానికి సోంపేటలోనో, పలాసలోనో రైలెక్కితే విశాఖ.

నీళ్లలో దిగే ముందు

ఈ కథనంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. పరీక్షలు అయిపోయిన ఆనందంలో సముద్రంలో దిగి తిరిగిరాని పిల్లల వార్తలు ఏటా వస్తున్నాయి. 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో ఇంజినీరింగ్ విద్యార్థుల బృందంలో పలువురు అలల్లో కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. ఈత రాకపోవడమొక్కటే ఇలాంటి ప్రమాదాలకు కారణం కాదు. బావిలో, చెరువులో ఈత నేర్చినవాళ్లూ సముద్రంలో మునిగిపోతున్నారు.

ఎక్కువ మందిని పొట్టనపెట్టుకునేది రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోవాలి కదా. నీటి అడుగున ఇసుక మేటల మధ్య సందు దొరికితే ఆ నీళ్లన్నీ అందులోంచి ఒక్కసారిగా వెనక్కి పరుగెడతాయి. దాని వేగం సెకనుకు రెండు మీటర్ల దాకా ఉండొచ్చు. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. మోసం ఎక్కడుందంటే, పైనుంచి చూస్తే ఆ చోటే ప్రశాంతంగా కనిపిస్తుంది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో అలల్లేకుండా, కాస్త ముదురు రంగులో, ఒక పాయలా ఉంటుంది. కొత్తవాళ్లు ‘ఇక్కడ అలల్లేవురా’ అని సరిగ్గా అక్కడే దిగుతారు.

అందులో చిక్కితే ఒడ్డువైపు ఈదకూడదు. అలసట వచ్చి మునిగేది అందుకే. రిప్ మనిషిని లోపలికి లాక్కుపోతుంది తప్ప అడుగుకు ముంచదు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలబెట్టుకుని, చెయ్యెత్తి పిలవాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరాక ఒడ్డువైపు తిరగాలి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసుగా దిగకూడదు. ఒకరి వెంట ఒకరు పోయేది అలాగే. తాడు, మూత బిగించిన ఖాళీ నీళ్ల టిన్ను, తేలేది ఏది దొరికితే అది విసరాలి. లైఫ్‌గార్డును, దగ్గర్లోని మత్స్యకారులను కేకేయాలి. 112కు ఫోన్ చేయాలి.

నైరుతి రుతుపవనాలు దగ్గరపడేకొద్దీ అలల ఉద్ధృతి పెరుగుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంటుంది. వాళ్ల ‘సముద్ర’ యాప్‌లో ఆ రోజు పరిస్థితి చూసుకోవచ్చు. అన్నిటికంటే తేలిక పద్ధతి, దిగే ముందు అక్కడి మత్స్యకారులను అడగడం. వాళ్లు వద్దంటే దిగకూడదు. మోకాలి లోతు చాలు. కళింగపట్నంలో, బారువలో నది కలిసే మొగల దగ్గర అసలు దిగకూడదు.

బండి ఎవరు నడుపుతారు?

ఇంటర్ ముగించే పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండి ఉండవు. గేర్లున్న బైకుకైనా, కారుకైనా పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అప్పుడే పద్దెనిమిది నిండి లైసెన్సు చేతికొచ్చినవాడికి కూడా రాత్రిపూట జాతీయ రహదారి మీద, అయిదుగురిని ఎక్కించుకుని నడిపే అనుభవం ఉండదు.

బస్సూ, రైలూ ఉండగా ఈ బెడద అక్కర్లేదు. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి 900కె సిటీ బస్సు నడుస్తుంది. కుడిపక్క కిటికీ సీటు పట్టుకుంటే సముద్రం పొడుగునా తోడొస్తుంది. శ్రీకాకుళం జిల్లాకు జట్టంతా కలిసి డ్రైవరుతో సహా వ్యాన్ మాట్లాడుకుని తలా కొంత వేసుకుంటే సరిపోతుంది. డ్రైవరు రాత్రి నిద్రపోయేలా మజిలీ ముందే అనుకోవాలి.

అమ్మాయిలకు ఇంకా ‘చూద్దాంలే’నేనా?

కొడుకు అడిగితే వెంటనే సరేననే ఇళ్లలోనే కూతురు అడిగితే ‘చూద్దాంలే’ అంటారు. రెండేళ్లు ఒకే బెంచీ మీద చదివి, ఒకే పరీక్ష రాసినవాళ్లకు ఈ తేడా చాలా గట్టిగా తగులుతుంది. భయానికి కారణాలున్నాయి. వాటికి జవాబులూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీశక్తి’ పథకం కింద రాష్ట్ర మహిళలకు సిటీ బస్సుల్లో, పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపితే చాలు, విశాఖ నుంచి భీమిలికీ, శ్రీకాకుళానికీ చార్జీ లేకుండా వెళ్లొచ్చు. పగటిపూట ప్రయాణం, రాత్రికి ఎవరో ఒకరి బంధువుల ఇల్లు, రోజుకు రెండుసార్లు ఫోన్, ఎక్కడున్నదీ తెలిసేలా లొకేషన్ షేరింగ్. ఈ నాలుగూ ముందే మాట్లాడుకుని కూతుళ్లను పంపాలి. శ్రీకాకుళంలోనో, సోంపేటలోనో ఉండే పిన్ని ఇంట్లో ఒక రాత్రి మజిలీ పెడితే, ప్రయాణం ఇంకా బాగుంటుంది.

ఇంకొన్ని దారులు

గోదావరి జిల్లాల పిల్లలకు కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు ఉంది. తుపాను వచ్చినప్పుడల్లా సముద్రం ఆ రోడ్డును కోసేస్తుంటుంది. తీరం కోత అంటే ఏమిటో కళ్లారా చూడొచ్చు. ఉప్పాడలో మగ్గం మీద జామ్దానీ చీర ఎలా నేస్తారో చూసి, కోరంగి మడ అడవుల్లో నడవొచ్చు. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా సాగే 216వ నంబరు జాతీయ రహదారి డెల్టా తీరాన్నంతా చుట్టేస్తుంది. గుంటూరు, హైదరాబాద్ జట్లకు సూర్యలంక, వాడరేవు దగ్గర. అక్కడా ప్రమాదాలు జరిగాయి గనక పై జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

మళ్లీ ఉత్తరాంధ్ర తీరానికొస్తే, విశాఖ దాటాక లైఫ్‌గార్డు కనిపించే చోట్లు చాలా తక్కువ. భీమిలి మొదలు బారువ దాకా పిల్లలు వెళ్లే ప్రతి తీరంలోనూ సెలవుల కాలమంతా శిక్షణ పొందిన లైఫ్‌గార్డులు ఉండాలి. ఆ ఊరి మత్స్యకార యువకులకే ఆ ఉద్యోగాలిస్తే సముద్రం తెలిసినవాళ్లు కాపలా ఉంటారు, వేట నిషేధం రోజుల్లో వాళ్లకూ ఆదాయం దొరుకుతుంది. రిప్ కరెంట్ ఎలా ఉంటుందో బొమ్మతో తెలుగులో బోర్డులు పెట్టాలి. అమ్మాయిలు బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు కట్టాలి. ఇంటర్ కాలేజీలు ఆఖరి ప్రాక్టికల్స్ అయ్యాక ఒక్క గంట కేటాయించి సముద్ర భద్రత గురించి చెప్పించాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడింది కాదు. మార్చిలో పరీక్షలు ముగిసేలోపు పంచాయతీలు, జిల్లా యంత్రాంగం, కాలేజీలు చేతులు కలిపితే, ఈ మే నెలలోనే బస్సు దిగే పిల్లలకు ఇవన్నీ సిద్ధంగా ఉంటాయి.